తుఫాను మధ్యలోంచి ఎగిరే ముల్లు

(భూ అయస్కాంత తుఫానులను ఉపగ్రహాలతో కొలవడంపై చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఒక లెక్కతో మొదలుపెడతాను. భూమి అయస్కాంత క్షేత్రం బలం చోటును బట్టి సుమారు 25 వేల నుంచి 65 వేల నానోటెస్లాల దాకా ఉంటుంది. నానోటెస్లా అనగానే కంగారు పడకండి, చాలా చిన్న కొలత అని గుర్తుంచుకుంటే చాలు. సూర్యుడి దెబ్బకు ఈ క్షేత్రం కుదుపుకు లోనవడమే అయస్కాంత తుఫాను. ఓ మాదిరి తుఫాను వచ్చినప్పుడు ఇందులో వచ్చే మార్పు వంద నానోటెస్లాలు. వెయ్యికి రెండు మూడు పాళ్లు, అంతే. మే 2024లో వచ్చిన తుఫాను అప్పటికి ఇరవై ఏళ్లలో అతి పెద్దది. అందులో కూడా భూమధ్యరేఖ చుట్టుపక్కల సగటు తగ్గుదల 400 పైచిలుకే. అలాంటి చోట్ల దిక్సూచి ముల్లు మహా అయితే అర డిగ్రీ అటూ ఇటూ కదులుతుంది.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని మనం వెటకారంగా అంటుంటాం కదా. మా వృత్తి అచ్చంగా అదే. కాకపోతే మాకు కావలసింది ఆ ఎలుకే. (నవ్వులు)

ఆ ఎలుకను మొదట చూసినవాళ్ల దగ్గర ఉపగ్రహాలేమీ లేవు. 1720లలో లండన్‌లో జార్జ్ గ్రాహం అనే గడియారాల తయారీదారు దిక్సూచి ముల్లును ఓపికగా, పదేపదే గమనించి, అది ఒకే రోజులో కూడా కదులుతోందని కనిపెట్టాడు. 1741లో స్వీడన్‌లోని ఉప్సాలాలో సెల్సియస్ (మీ థర్మామీటరు వెనక ఉన్నది ఈయనే), హియోర్టర్ తమ ముల్లు అల్లాడిపోతుంటే పైన ధ్రువకాంతులు వెలుగుతున్నాయని గమనించారు. అదే సమయంలో లండన్‌లో గ్రాహం ముల్లు కూడా కదిలింది. అంటే ఆ అలజడి ఒక ఊరిది కాదు, చాలా పెద్దది. తర్వాత జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ దానికి అయస్కాంత తుఫాను అని పేరు పెట్టాడు.

1859 సెప్టెంబరు 1న బ్రిటిష్ ఖగోళవేత్త రిచర్డ్ కారింగ్టన్ సూర్యుడి మీద తెల్లటి మెరుపు చూశాడు. పదిహేడు పద్దెనిమిది గంటలకు భూమి మీద ముళ్లన్నీ వెర్రెత్తినట్టు కదిలాయి. బొంబాయిలోని కొలాబా వేధశాల నమోదులో క్షితిజ సమాంతర క్షేత్రం దాదాపు 1600 నానోటెస్లాలు పడిపోయింది. ఇప్పటికీ ఆ తుఫాను ఎంత పెద్దదో చెప్పడానికి అందరూ ఆ కాగితాల దగ్గరికే వెళ్తారు.

మరి నేల మీద ఇంత బాగా కొలుస్తుంటే ఉపగ్రహం ఎందుకు? ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబే.

తుఫానులో నిజంగా మారేది అయస్కాంతం కాదండీ. భూగర్భంలో ద్రవ లోహం తిరగడం వల్ల పుట్టే క్షేత్రం ఆ నాలుగు గంటల్లో ఏమీ మారదు. మారేవి మన తల మీద, రకరకాల ఎత్తుల్లో పారే విద్యుత్ ప్రవాహాలు. భూ వ్యాసార్ధానికి మూడు నుంచి ఎనిమిది రెట్ల దూరంలో భూమి చుట్టూ ఒక వలయ ప్రవాహం ఉంటుంది. అది పడమటికి పారుతుంది, అందుకే భూమధ్యరేఖ దగ్గర అసలు క్షేత్రాన్ని తగ్గిస్తుంది. 110 కిలోమీటర్ల ఎత్తులో అయనావరణంలో, అంటే కరెంటు పారగల పైవాతావరణపు పొరలో, ధ్రువాల దగ్గర ఎలక్ట్రోజెట్ అనే ప్రవాహాలు ఉంటాయి. ఈ రెండింటినీ కలుపుతూ అయస్కాంత రేఖల వెంబడి పైనుంచి కిందికి, కిందనుంచి పైకి పారేవి మూడో రకం. వీటికి తోడు, పైన ప్రవాహం మారితే భూమి లోపల కూడా ప్రవాహం పుడుతుంది. ఫారడే సూత్రం.

నేల మీది ముల్లుకు వీటి మొత్తం ప్రభావం ఒకే అంకెగా అందుతుంది. అంకె ఇస్తుంది, చిరునామా ఇవ్వదు.

జర్మన్ గణితవేత్త గాస్ 1839లోనే ఒక గణిత పద్ధతి చెప్పాడు: గోళం మీద అన్నిచోట్లా కొలిస్తే క్షేత్రంలో ఎంత భాగం లోపలినుంచి వస్తోందో, ఎంత బయటినుంచి వస్తోందో విడదీయవచ్చు. అద్భుతమైన పద్ధతి. కానీ నేల మీద నుంచి చూస్తే వలయ ప్రవాహమూ బయటిదే, ఎలక్ట్రోజెట్టూ బయటిదే. అదే 450 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం నుంచి చూడండి. ఎలక్ట్రోజెట్ దాని కిందికి వచ్చేసింది, కాబట్టి లెక్కలో లోపలిదైంది. వలయ ప్రవాహం ఇంకా పైనే ఉంది. రెండింటి మధ్యా మనం దూరిపోయాం. ఇక మూడో రకం, రేఖల వెంబడి పారేవి ఉన్నాయే, వాటిని ఉపగ్రహం చీల్చుకుంటూ పోతుంది.

ఆ మూడో రకం గురించి ఒక కథ చెప్పాలి. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్క్‌లాండ్ 1908లో, ధ్రువకాంతుల చోట విద్యుత్తు ఆకాశం నుంచి నిలువుగా దిగి మళ్లీ పైకి వెళ్తుందని రాశాడు. సిడ్నీ చాప్‌మన్ లాంటి ఉద్దండులు ఒప్పుకోలేదు. అయనావరణంలోనే అడ్డంగా తిరిగే ప్రవాహంతో నేల మీది కొలతలన్నీ సరిపోతున్నాయి కదా అన్నారు. అందులో తప్పేమీ లేదు కూడా! తర్వాత జపాన్‌కు చెందిన ఫుకుషిమా దీన్ని గణితంగా నిరూపించారు: అయనావరణం వాహకత అంతటా ఒకేలా ఉందనుకుంటే, నిలువు ప్రవాహమూ దాంతో కలిసి పారే అడ్డ ప్రవాహంలో ఒక భాగమూ నేల మీద ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి. అంటే నేల మీద ఎన్ని వేధశాలలు కట్టినా, ఎంత మంచి పరికరం పెట్టినా ఈ తగాదా తేలదు. ఒకరు పైకి వెళ్లి చూడాల్సిందే.

1960లలో సుమారు 1100 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్న ఒక చిన్న అమెరికన్ ఉపగ్రహం ధ్రువకాంతుల ప్రాంతం దాటినప్పుడల్లా దాని మాగ్నెటోమీటర్ ఉలిక్కిపడేది. ఆల్‌ఫ్రెడ్ జ్ముడా బృందం 1966లో దాన్ని ప్రకటించింది. మొదట అవి తరంగాలేమో అనుకున్నారు. 1972లో ఎగిరిన ట్రయాడ్ ఉపగ్రహంతో సందేహం తీరింది. అవి నిలువు ప్రవాహాలే. బిర్క్‌లాండ్ 1917లోనే పోయాడు. ఇప్పుడు వాటిని బిర్క్‌లాండ్ ప్రవాహాలు అంటున్నాం. పెద్ద తుఫానులో అవి మొత్తం కోటి ఆంపియర్లు దాటిపోతాయి.

ఇప్పుడు కొలిచే పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, నాకు ఇష్టమైన భాగం ఇది.

ఉపగ్రహాల్లో ఎక్కువగా వాడేది ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటర్. ఒక మెత్తటి అయస్కాంత లోహపు ముక్క చుట్టూ తీగ చుట్టి, అటూ ఇటూ మారే కరెంటు ఇచ్చి, ఆ లోహాన్ని రెండు దిశల్లోనూ పూర్తిగా నిండేదాకా అయస్కాంతీకరిస్తారు. బయట క్షేత్రం ఏమీ లేకపోతే రెండు వైపులా సమంగా నిండుతుంది. బయట ఏదైనా క్షేత్రం ఉంటే ఒకవైపు ముందే నిండిపోతుంది. ఆ తేడా రెండో చుట్టలో సంకేతంగా కనిపిస్తుంది. తూకం కాటా ఒకవైపు మొగ్గినట్టన్నమాట. మూడు దిశల్లో మూడు పెడితే క్షేత్రం దిశతో సహా తెలుస్తుంది. చిక్కేమిటంటే వేడి, వయసు పెరిగేకొద్దీ ఇది మెల్లగా తప్పుతుంది. అందుకని మంచి ఉపగ్రహాల్లో పక్కనే ఇంకో పరికరం ఉంటుంది. అణువుల స్వభావం మీద ఆధారపడి పనిచేస్తుంది కాబట్టి దాని కొలత అలా దారి తప్పదు. కానీ బలం మాత్రమే చెబుతుంది, దిశ చెప్పదు. మొదటిదాన్ని రెండోదానితో సరిచూస్తూ ఉంటారు.

సరే, దిశ తెలిసింది. ఎవరికి దిశ? ఉపగ్రహానికి. ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో తెలియకపోతే ఆ దిశతో మనకేం పని? అందుకని మాగ్నెటోమీటర్ పక్కనే నక్షత్రాలను ఫొటో తీసే కెమెరాలు పెడతారు. లెక్క వేసి చూడండి. 50 వేల నానోటెస్లాల క్షేత్రంలో దిశ ఒక్క ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు తప్పితే, పావు నానోటెస్లా తప్పు వస్తుంది. ఒక్క ఆర్క్ నిమిషం తప్పితే సుమారు 15. రెండు మూడు ఆర్క్ నిమిషాల పొరపాటుతో లేని తుఫానును సృష్టించవచ్చు!

ఉపగ్రహం తన అయస్కాంతంతో తనే గొడవ చేస్తుంది కూడా. సౌరఫలకాల కరెంటు, బ్యాటరీలు, ఉపగ్రహాన్ని తిప్పడానికి వాడే విద్యుదయస్కాంతాలు. అందుకే మాగ్నెటోమీటర్‌ను నాలుగు, ఆరు మీటర్ల కడ్డీ చివర దూరంగా పెడతారు.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు జరిగింది చెబుతాను, నవ్వకూడదు. ఒక ఉపగ్రహపు డేటాలో ప్రతి చుట్టులోనూ సరిగ్గా ఒకే చోట 60 నానోటెస్లాల దూకుడు కనబడింది. ఎవరూ చూడని కొత్త ప్రవాహం దొరికేసిందని రెండు రాత్రులు నిద్రపోలేదు. గ్రాఫులు గీసి మా గురువుగారి ముందు పెట్టాను. ఆయన ఒక్క నిమిషం చూసి, "ఉపగ్రహం భూమి నీడలోంచి ఎండలోకి ఎప్పుడు వస్తోందో చూశావా?" అన్నారు. చూశాను. నా కొత్త ప్రవాహం సౌరఫలకాల నుంచి బ్యాటరీకి వెళ్లే వైర్లలో ఉంది. (నవ్వులు) నవ్వొద్దన్నాను కదా!

ఇలాంటివన్నీ సరిచేశాక అసలు తీసివేత మొదలవుతుంది. వచ్చిన అంకెలోంచి భూగర్భ క్షేత్రాన్ని తీసేయాలి, పైపెంకులోని రాళ్ల అయస్కాంతాన్ని తీసేయాలి. రోజూ ఎండ వల్ల అయనావరణంలో నడిచే మామూలు ప్రవాహాలను తీసేయాలి. మిగిలిందే తుఫాను. భూగర్భ క్షేత్రం నమూనా ఎంత కచ్చితంగా ఉంటే మిగిలినది అంత నమ్మదగినది. ఆ నమూనా కట్టడానికీ ప్రశాంతమైన రోజుల్లో ఇవే ఉపగ్రహాల కొలతలే ఆధారం.

1979–80లో మాగ్‌శాట్ కొద్ది నెలలే ఎగిరింది, అయినా దిశతో సహా కొలిచిన తొలి మంచి పటం దానిదే. 1999లో డెన్మార్క్ వారి అర్‌స్టెడ్, 2000లో జర్మనీ వారి చాంప్ వచ్చాయి. తర్వాత 2013 నవంబరు 22న యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ స్వార్మ్ పేరుతో మూడు కవల ఉపగ్రహాలను ఒకేసారి పంపింది: ఆల్ఫా, బ్రావో, చార్లీ. ఆల్ఫా, చార్లీ సుమారు 460 కిలోమీటర్ల ఎత్తులో పక్కపక్కన, బ్రావో ఇంకొంచెం పైన వేరే కక్ష్యా తలంలో.

ఇలా పక్కపక్కన ఎందుకంటే, ఒక్క ఉపగ్రహంతో పెద్ద ఇబ్బంది ఉంది. అది సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. అంకె మారిందంటే, కొత్త చోటికి వచ్చినందుకు మారిందా, లేక ఈలోపు తుఫానే మారిందా? చెప్పలేం. పరుగెత్తే రైల్లోంచి చూసేవాడికి ఊరు మారిందో వాతావరణం మారిందో తెలియనట్టు. పక్కన ఇంకొకటి ఉంటే రెండింటి తేడాతో మధ్యలో ఎంత ప్రవాహం పోతోందో నేరుగా లెక్కకట్టవచ్చు. ఆంపియర్ సూత్రాన్ని ఆకాశంలో వాడటం ఇది.

వలయ ప్రవాహం విషయంలోనూ ఇంతే. నేల మీద దాని బలానికి డీఎస్‌టీ అనే సూచిక ఉంది. దక్షిణాఫ్రికాలోని హెర్మానస్, జపాన్‌లోని కకియోకా, హవాయిలోని హొనొలులు, ప్యూర్టోరికోలోని సాన్ హువాన్, ఈ నాలుగు వేధశాలల కొలతలతో క్యోటోలో గంటకొకసారి లెక్కకడతారు. మంచి సూచిక, దశాబ్దాల చరిత్ర ఉంది. అయితే తుఫాను ఉధృతంగా ఉన్నప్పుడు వలయం నిజానికి వలయంలా ఉండదు. సాయంకాలం వైపు బాగా బలిసి, ఉదయం వైపు పలచగా ఉంటుంది. నాలుగు చోట్ల నుంచి తీసిన సగటులో ఆ వంకర పోతుంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం ఒక్క చుట్టులోనే, గంటన్నరలో, భూమికి రెండు వైపులా భూమధ్యరేఖను దాటుతుంది. రెండు తలాల్లో ఉపగ్రహాలుంటే నాలుగు స్థానిక సమయాలు దొరుకుతాయి. సముద్రాల మీద కూడా. భూమిలో ఎక్కువ భాగం నీళ్లే, నీళ్ల మీద వేధశాల కట్టలేం. 2023 మేలో ఎగిరిన మకావు సైన్స్ శాటిలైట్ ధ్రువాల జోలికి పోకుండా భూమధ్యరేఖకు 41 డిగ్రీల వాలులో తిరుగుతూ ఆ రేఖకు దగ్గరి అక్షాంశాల మీదే దృష్టి పెట్టింది.

ఇంకా ఎక్కువ కావాలంటే? ఇక్కడ ఒక గడుసు ఆలోచన వచ్చింది. ఇరిడియం ఫోన్ ఉపగ్రహాలు 66 ఉన్నాయి, 780 కిలోమీటర్ల ఎత్తులో, ఆరు కక్ష్యా తలాల్లో. తాము ఎటు తిరిగి ఉన్నాయో తెలుసుకోవడానికి వాటిలో చవకబారు మాగ్నెటోమీటర్లు ఉంటాయి. కొలత పదుల నానోటెస్లాల ముతక మెట్లలోనే వస్తుంది. శాస్త్రానికి పనికిరాదనే అనిపిస్తుంది. కానీ బిర్క్‌లాండ్ ప్రవాహాల దగ్గర మార్పు వందల్లో ఉంటుంది కదా! జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యాంపియర్ అనే పథకం కింద ఆ అంకెలన్నీ పోగుచేసి, ధ్రువాల చుట్టూ ప్రవాహాల పటాలు పది నిమిషాల కొలతల నుంచి తీస్తున్నారు. తర్వాత మంచును కొలిచే క్రయోశాట్, గురుత్వాకర్షణను కొలిచే గ్రేస్, ఇలా వేరే పనుల మీద వెళ్లినవాటి మాగ్నెటోమీటర్లను కూడా శుద్ధి చేసి వాడటం మొదలైంది. స్వార్మ్ లాంటి కచ్చితమైన పరికరం పక్కన ఉంటేనే ఈ ముతకవాటిని సరిచేయడం కుదురుతుంది. అందుకని ఒకటి మానేసి ఇంకొకటి చాలులే అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఇంతవరకూ దగ్గరి కక్ష్యల సంగతి. ముందస్తు హెచ్చరిక కావాలంటే ఇంకా దూరం వెళ్లాలి.

భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్‌1 అనే చోటుంది. 1997లో వెళ్లిన ఏస్, 2015లో వెళ్లిన డిస్కవర్, 2024 జనవరిలో చేరిన మన ఆదిత్య ఎల్‌1 అక్కడే ఉన్నాయి. ఆదిత్యలో ఆరు మీటర్ల కడ్డీకి రెండు ఫ్లక్స్‌గేట్లు, ఒకటి చివర, ఒకటి సగంలో. రెండు ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు, ఉపగ్రహపు సొంత గొడవ దగ్గరిదానికి ఎక్కువ తగులుతుంది, ఆ తేడాతో దాన్ని తీసేయవచ్చు. అక్కడ చూసేది ఒక్కటే: సౌరగాలి, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం, మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా. దక్షిణానికి ఉంటే భూమి క్షేత్రంతో తలపడి, రేఖలు తెగి మళ్లీ అతుక్కుంటాయి, శక్తి లోపలికి దూరుతుంది. ఇది 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త డంగీ చెప్పిన మాట. ఉత్తరానికి ఉంటే ఎంత జోరుగా వచ్చినా చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. మామూలుగా అక్కడ క్షేత్రం ఐదారు నానోటెస్లాలే. మే 2024లో దక్షిణపు భాగమే 50 దాకా వెళ్లింది.

టెన్షన్ ఎక్కడంటే, సూర్యుడి నుంచి తుఫాను తెచ్చే కణాల మేఘం బయల్దేరడం ఒకటి నుంచి మూడు రోజుల ముందే కెమెరాల్లో కనబడుతుంది. దాని వేగం అంచనా వేయవచ్చు. దాని కడుపులో క్షేత్రం ఎటు ఉందో మాత్రం ఎల్‌1 దాటేదాకా నమ్మకంగా చెప్పలేం. అక్కడి నుంచి సెకనుకు 400 కిలోమీటర్ల గాలికి గంట, 800 అయితే అరగంట. మన చేతిలో ఉండే సమయం అంతే.

ఎల్‌1కీ దగ్గరి కక్ష్యలకీ మధ్యలో, భూమితో పాటే తిరిగే భూస్థిర కక్ష్యలో, గోస్ అనే అమెరికా వాతావరణ ఉపగ్రహాలు ఉన్నాయి. అక్కడ మామూలుగా క్షేత్రం వంద నానోటెస్లాలకు అటూ ఇటూగా ఉత్తరానికి ఉంటుంది. భారీ తుఫానులో సౌరగాలి భూమి అయస్కాంతావరణపు గోడను, అంటే భూమి క్షేత్రపు బయటి సరిహద్దును, ఎంతగా నొక్కుతుందంటే, గోడ ఆ కక్ష్య కన్నా లోపలికి వచ్చేస్తుంది. అప్పుడు ఉపగ్రహం ఉన్నచోటే ఉండి ఆరుబయట నిలబడిపోతుంది. దాని అంకె ఉత్తరం నుంచి ఒక్కసారిగా దక్షిణానికి తిరగడం చూస్తే ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

దీనివల్ల లాభం ఎవరికి? 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్ విద్యుత్ వ్యవస్థ ఒకటిన్నర నిమిషంలో కుప్పకూలింది, 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు లేదు. 2022 ఫిబ్రవరిలో ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 పోయాయి. ఆ తుఫాను పెద్దదేం కాదు. ప్రవాహాలు పైవాతావరణాన్ని వేడిచేస్తే అది ఉబ్బుతుంది, అంత తక్కువ ఎత్తులో ఉన్నవాటికి గాలి రాపిడి పెరిగిపోతుంది. చమురు బావులు తవ్వేవాళ్లు భూమి లోపల దిశ కోసం అయస్కాంతం మీదే ఆధారపడతారు, వాళ్లకి అర డిగ్రీ తప్పు కూడా ఖరీదైనదే.

ఒక్క విషయం నిజాయితీగా చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి కరెంటు ఎంత దూరుతుందో చెప్పాలంటే అక్కడి నేల మీద క్షణక్షణం క్షేత్రం ఎంత వేగంగా మారుతోందో కావాలి. అటుగా పరుగెత్తి వెళ్లిపోయే ఉపగ్రహం అది చెప్పలేదు. దానికి నేల మీద ముల్లే కావాలి. గ్రాహం ముల్లుకు ఇంకా పని ఉందండీ.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి ఒకరు: మా ఫోన్లలో కూడా మాగ్నెటోమీటర్ ఉంటుందిగా సార్, దాంతో తుఫాను చూడొచ్చా?)

ఉంటుందమ్మా. కానీ దాని గజిబిజే వంద నానోటెస్లాలకు పైన ఉంటుంది, పైగా పక్కనే స్పీకరు అయస్కాంతం. చేతిలో కొద్దిగా తిప్పావంటే వేల నానోటెస్లాలు మారిపోతాయి. తుఫాను అందులో సముద్రంలో కాకిరెట్టంత. బల్ల మీద కదలకుండా పెట్టి, నిమిషాల తరబడి సగటు తీసి, ఇనుము దరిదాపుల్లో లేకుండా చూసుకుంటే చాలా పెద్ద తుఫానులో ఏదో ఒక వాలు కనబడొచ్చు. గది ఉష్ణోగ్రత మారినా అలాంటి వాలే కనబడుతుంది మరి!

(ఇంకొకరు: 1859 నాటిది మళ్లీ వస్తే ఈ ఉపగ్రహాలే పాడైపోవా? అప్పుడు కొలిచేదెవరు?)

మంచి ప్రశ్న. 2003 అక్టోబరు తుఫానులో సూర్యుడి నుంచి వచ్చిన ప్రోటాన్ల తాకిడికి ఏస్‌లో సౌరగాలి వేగం కొలిచే పరికరం కొంతసేపు గుడ్డిదైపోయింది. మాగ్నెటోమీటర్ మాత్రం పనిచేస్తూనే ఉంది, ఎందుకంటే అది కణాలను లెక్కపెట్టదు, లోహం ఎటు మొగ్గుతోందో చూస్తుందంతే. నక్షత్రాల కెమెరాలకు ఇబ్బంది రావచ్చు. ప్రోటాన్లు తగిలిన చోటల్లా చుక్కలు పడి, ఏది నక్షత్రమో ఏది కాదో తెలియక తికమక పడతాయి. అప్పుడు దిశ కాసేపు పోతుంది. బలం కొలిచే రెండో పరికరానికి దిశతో పనిలేదు కాబట్టి ఆ అంకె వస్తూనే ఉంటుంది.